మేనకోడలికి: ‘నాకు రాదు’ అనే ముందు

కడప,
ఆదివారం

అమ్మీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నువ్వు ఏడ్చావని భయపడలేదులే. మొదటి ఉద్యోగంలో ఆరు నెలలకు ఒక్కసారైనా ఏడవని డిజైనర్‌ను నేను చూడలేదు. చివర్లో ఒక మాట అన్నావే, “నాకు డిజైన్ సెన్స్ లేదత్తా, అది పుట్టుకతో రావాలి, నేను టెస్టింగ్ టీమ్‌లోకి మారిపోతా” అని, ఆ మాటే నన్ను పట్టుకుంది. ఫోన్‌లో ఏం చెప్పాలో తోచక “సరే, పడుకో” అన్నా. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు.

అలాంటి మాటే ఇంతకుముందు ఒకసారి విన్నాను. మన కడప మార్కెట్ యార్డులో, ఒక పసుపు రైతు నోట.

అప్పటికి నేను బెంగళూరులో నాలుగేళ్లుగా యాప్‌ల స్క్రీన్లు డిజైన్ చేసే ఈ పనే చేస్తున్నా. రైతులు పంట ధరలు చూసుకునేందుకు ఒక చిన్న కంపెనీ యాప్ తయారు చేస్తుంటే స్క్రీన్లన్నీ నేనే గీశా. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద లేత బూడిద రంగు అక్షరాలు, సన్నటి గీతలు, కింద మూలన చిన్న బాణం గుర్తు. ఆఫీసులో చూసినవాళ్లంతా చాలా క్లీన్‌గా ఉందన్నారు. మురిసిపోయాను. సెలవుకు ఇంటికొచ్చినప్పుడు యార్డులో నలుగురికి చూపించి, వాళ్లతో కూడా బాగుందనిపించుకుని పోదామనుకున్నా.

మే నెల. పదకొండు గంటలకే ఎండ మాడ్చేస్తోంది. పసుపు కొమ్ముల రాశుల పక్కన నిలబడి ఉన్న ఒక పెద్దాయన చేతికి ఫోన్ ఇచ్చి, “ఈ రోజు ధర ఎంతుందో ఇందులో చూడు పెద్దయ్యా” అన్నా. ఆయన ఫోన్‌ను మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. మళ్లీ దూరంగా పట్టుకున్నాడు. భుజం మీది టవలు తీసి ఫోన్ మీద కప్పి, ఆ నీడలో తల పెట్టి చూశాడు. బాణం గుర్తు మీద బొటనవేలితో నొక్కాడు. పసుపు దుమ్ము పట్టి, పగుళ్లు బారిన వేలు. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. మూడోసారి వేలు పక్క గుర్తుకు తగిలి, యాప్ మొదటి పేజీకి వెళ్లిపోయింది. ఆయన చిన్నగా నవ్వి ఫోన్ నా చేతికిచ్చేశాడు. “మాకు సదువు రాదు లేమ్మా. మా పిల్లోడు వస్తాడు, వానికి చూపీ” అన్నాడు.

నన్ను ఒక్క మాట అనలేదమ్మీ. తప్పంతా తన మీదే వేసుకున్నాడు. ఎండలో కనపడని రంగు ఎంచింది నేను. అంత చిన్న బాణం పెట్టింది నేను. చదువు రాదని తల దించుకున్నది మాత్రం ఆయన. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయా.

మన పనికి ఇప్పుడున్న ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్’ (వాడేవాళ్ల అనుభవం) అనే పేరు నిలబడటంలో డాన్ నార్మన్ అనే అమెరికన్‌ది పెద్ద చేయి. 1993లో ఆపిల్‌లో చేరి ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్ ఆర్కిటెక్ట్’ అని తన హోదాకు తానే పేరు పెట్టుకున్నాడు. ఆయన మొదట చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, తర్వాత సైకాలజీ. వస్తువు సరిగ్గా లేనప్పుడు కూడా జనం తమనే తిట్టుకుంటారని ఆయన ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాడు. నేను అది చదివే ఉన్నా. యార్డులో ఆ పెద్దాయన మొహం చూసేదాకా నాకు ఎక్కలేదు, అంతే.

ఇప్పుడు నీ సంగతికి వస్తా. యూజర్ ‘నా వల్ల కాదు’ అంటే మనం నమ్మం కదా. ఎక్కడ ఆగిపోయాడు, ఏ బటన్ దగ్గర తడబడ్డాడు, ఏ మాట అర్థం కాలేదు అని వెతుకుతాం. మన జీతమే అందుకు. మరి అదే మాట నీ గురించి నువ్వు అనుకుంటే ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఎలా నమ్మేశావు?

నిన్న నువ్వు చెప్పింది నేను ఒక కాగితం మీద రాసుకున్నా. రివ్యూలో మీ సీనియర్ అన్నవి మూడు మాటలు. పేమెంట్ స్క్రీన్‌లో కన్ను ముందు ఎక్కడ ఆగాలో తెలియడం లేదన్నాడు. డబ్బు పంపడం ఫెయిలైనప్పుడు వచ్చే మెసేజ్ పనికిరాదన్నాడు. నీకు టేస్ట్ లేదన్నాడు. నువ్వు రాత్రంతా మూడో మాట పట్టుకుని ఏడ్చావు. దాన్ని అక్కడే వదిలెయ్. అది పని గురించిన మాట కాదు, దాంతో నువ్వు చేయగలిగింది ఏమీ లేదు. అలా మనిషిని అనడం ఆయన తప్పు, అదే అలవాటుగా సాగితే మీ మేనేజర్‌కు చెప్పు, మొహమాటపడకు. మొదటి రెండు మాటలు మాత్రం బంగారం.

రెండోదే చూడు. ‘లావాదేవీ విఫలమైంది’ అని పెట్టావు. మీ నాయన కిరాణా కొట్టు దగ్గర ఫోన్‌పేతో నాలుగు వందలు పంపుతుంటే ఆ మాట వచ్చిందనుకో. ఆయనకు కావాల్సింది ఒక్కటే, నా డబ్బులు కట్ అయ్యాయా లేదా? కట్ అయితే తిరిగి వస్తాయా, ఎప్పుడు వస్తాయి? ఇప్పుడు మళ్లీ పంపొచ్చా, పంపితే రెండుసార్లు పోతాయా? కొట్టు యజమాని ఎదురుగా నిలబడి చూస్తుంటాడు, వెనక ఇద్దరు నిలబడి ఉంటారు. ఆ టెన్షన్‌లో చదివే మాట అది. ఈ ప్రశ్నలకు జవాబు రాసే పని పుట్టుకతో ఎవరికైనా వస్తుందా చెప్పు? ఒకరిద్దరు అలా ఇరుక్కుపోవడం కళ్లారా చూస్తే వస్తుంది.

ఒక విషయంలో నేను నీకు క్షమాపణ చెప్పుకోవాలి. స్టాన్‌ఫర్డ్ సైకాలజిస్ట్ కరోల్ డ్వెక్, క్లాడియా ముల్లర్ అనే పరిశోధకురాలు కలిసి 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లలకు కొన్ని బొమ్మల పజిల్స్ ఇచ్చి, చేశాక కొందరిని ‘నువ్వు తెలివైనదానివి’ అని, కొందరిని ‘బాగా కష్టపడ్డావు’ అని మెచ్చుకున్నారు. తెలివిని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఆ తర్వాత తేలికైన పనే ఎంచుకున్నారు. కష్టమైనవి ఇచ్చి ఓడిపోనిచ్చాక, మొదట చేసినంత కూడా చేయలేకపోయారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లల్లో చాలామంది కొత్తగా నేర్చుకోగలిగే పనినే అడిగారు. తెలివిని పెంచుకోవచ్చని నమ్మడాన్ని గ్రోత్ మైండ్‌సెట్ అని ఇప్పుడు మీ ఆఫీసుల్లో అంటారే, ఆ మాట డ్వెక్‌దే.

మేము నిన్ను ఏమని మెచ్చుకున్నాం? “మా పాపకి బొమ్మలు పుట్టుకతోనే వచ్చినాయి” అని వచ్చినవాళ్లందరికీ చెప్పాం. నేనే ఎక్కువ చెప్పా. నీకు ఎనిమిదేళ్లప్పుడు సంక్రాంతికి పదిహేను చుక్కల ముగ్గు పెట్టావు, గుర్తుందా? గీత తప్పిన ప్రతిసారీ చెరిపి, మళ్లీ నీళ్లు చల్లి, నాలుగోసారికి సరిగ్గా కలిపావు. చలికి చేతులు వణుకుతున్నా లేవలేదు. అప్పుడు ఆ చెరిపిన మూడు ముగ్గుల గురించి ఎవరమూ మాట్లాడలేదు. చివరి ముగ్గు ఫోటో తీసి చుట్టాలకు చూపించాం. నీకు వచ్చింది ఆ ఓపిక. దానికి మేము పెట్టిన పేరు తప్పు.

అయితే ‘కష్టపడితే అన్నీ వస్తాయి’ అనే మాటను కూడా గుడ్డిగా పట్టుకోవద్దు. ఒకే తప్పును ఒకే పద్ధతిలో రాత్రి పదకొండు దాకా చేస్తూ కూర్చుంటే ఒళ్లు చెడుతుంది తప్ప పని రాదు. పద్ధతి మార్చాలి, తెలిసినవాళ్లను అడగాలి. ఈ మాట అడ్డం పెట్టుకుని పిల్లల చేత శనివారాలు కూడా పని చేయించే మేనేజర్లను నేను చూశా. వాళ్లకు లొంగవద్దు.

నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తా. ఒక నోట్‌బుక్ పెట్టుకో. మామూలుది చాలు. ఏ స్క్రీన్ అయినా ఎవరికైనా చూపించే ముందు, తేదీ వేసి, ఏం జరుగుతుందని నువ్వు అనుకుంటున్నావో రెండు వాక్యాలు రాయి. ‘ఈ బటన్ వెంటనే కనిపెడతారు’, ‘ఇక్కడ ఆగుతారు’ అని. చూపించాక ఏం జరిగిందో దాని కిందే రాయి. నా మొదటి నోట్‌బుక్‌లో పైన రాసినదానికీ కింద రాసినదానికీ దాదాపు పొంతనే లేదు. మూడో ఏట సగం సగం కలిసింది. నేను మెరుగవుతున్నానని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ప్రమోషన్ రాని ఏడాది ఆ నోట్‌బుక్కే నన్ను నిలబెట్టింది.

చూపించడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. వాడేవాళ్లకు చూపించి పరీక్షించే పనిలో పేరున్న జేకబ్ నీల్సన్ 2000లోనే చెప్పాడు, ఐదుగురితో చేసే చిన్న టెస్ట్‌లోనే ఎక్కువ లోపాలు బయటపడతాయని. పదిహేను మంది దొరికితే ఒకేసారి కూర్చోబెట్టకుండా, ఐదుగురికి చూపించి, సరిచేసి, మరో ఐదుగురికి చూపించి, అలా మూడుసార్లు చేయమన్నాడు. మధ్యలో సరిచేయడంలోనే ఉంది అసలు కిటుకు. కాగితం మీద పెన్సిల్ గీతలుగా ఉన్నప్పుడే చూపించు. స్క్రీన్లు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్‌లో మూడు రోజులు కూర్చుని నీడలు, రంగులు దిద్దాక ఎవరైనా బాగాలేదంటే ప్రాణం విలవిల్లాడుతుంది. అరగంటలో గీసిన కాగితం మీద అంత మమకారం పుట్టదు.

రివ్యూలో వెంటనే జవాబు చెప్పకు. “ఎవరికి, ఏ పని చేసేటప్పుడు ఇబ్బంది అవుతుందంటారు?” అని అడిగి రాసుకో. జవాబు మర్నాడు ఇవ్వు. నాకు ఈ ఒక్కటి అలవాటవడానికి రెండేళ్లు పట్టింది.

ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ లైబ్రరీకి నిన్ను సైకిల్ మీద తీసుకుపోయేదాన్ని కదా. ఆ లైబ్రరీకి పేరిచ్చిన సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చేనాటికి తెలుగు ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడు. పండితులను పెట్టుకుని, రాతప్రతులు పోల్చి, వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. అంతటితో ఊరుకోలేదు. ఇంకా వెతికి, ఇంకా చేర్చి 1839లో మళ్లీ వేయించాడు. పదేళ్లకు రెండో వెర్షన్. నీకు రెండు వారాలకే రెండో వెర్షన్ చేయమంటే అవమానంగా ఉందంటున్నావు.

ఇంకొకటి. మన ఊరి నుంచి వచ్చినదానివని, డిజైన్ కాలేజీలో చదవలేదని సిగ్గుపడుతున్నావు. నేనూ పడ్డా. ఏడు రోడ్ల దగ్గర డీటీపీ షాపులో పేజ్‌మేకర్‌లో పెళ్లి కార్డులు కూర్చినదాన్నని బెంగళూరులో ఐదేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఒకసారి ఒక యాప్‌ను తెలుగులోకి తెచ్చారు. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎత్తునే తెలుగుకూ ఉంచేశారు. ‘ప్రొద్దుటూరు’లో ద వత్తు కింద సగం తెగిపోయింది, ‘రాష్ట్రం’లో కింది ఒత్తులు తర్వాతి వరుస గుడులకు తగిలి నలిగిపోయాయి. గదిలో పన్నెండు మంది ఉన్నారు, ఎవరికీ కనపడలేదు. నాకు తలుపు తీయగానే కనపడింది. పెళ్లి కార్డులో పేరు కింద వత్తు తెగితే పెళ్లికూతురి తండ్రి కార్డులన్నీ వెనక్కి తెచ్చి పడేస్తాడు, ఆ భయంతో మూడేళ్లు పనిచేసిన కళ్లు నావి. వరుసల మధ్య ఖాళీ పెంచాలని, తెలుగు మాట ఇంగ్లీషు బటన్‌లో ఇమడదని, బటనే మాటను బట్టి సాగాలని ఆ రోజు చెప్పా. అప్పటినుంచి భారతీయ భాషల స్క్రీన్లన్నీ ముందు నా దగ్గరికే వచ్చేవి. నీ దగ్గర కూడా అలాంటిది ఏదో ఉంటుంది, వెతుకు.

పనిముట్ల గురించి టెన్షన్ పడకు. పేజ్‌మేకర్ పోయింది, ఫోటోషాప్‌లో వెబ్ పేజీలు గీసే రోజులు పోయాయి, 2016లో వచ్చిన ఫిగ్మా ఇప్పుడు అందరి చేతుల్లో ఉంది, రేపు ఏఐ ఇంకేదో తెస్తుంది. ప్రతిదానికీ నెలా రెండు నెలలు చాలు. నలభై దాటాక నేను యాక్సెసిబిలిటీ, అంటే చూపు సరిగా లేనివాళ్లలాంటి వాళ్లు కూడా వాడగలిగేలా చేయడం, మొదటినుంచి నేర్చుకున్నా. నువ్వు అంతదాకా ఆగకు. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5కు 1 ఉండాలని నియమం ఉంది. అది నాకు ముందే తెలిసి ఉంటే ఆ పెద్దాయన టవలు కప్పుకునేవాడు కాదేమో. ఈ వారమే నీ ఫోన్‌లో, స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని, నువ్వు గీసిన యాప్‌లో ఒక్క పేమెంట్ చేసి చూడు. ఎక్కడ ఆగిపోయావో నోట్‌బుక్‌లో రాయి.

టెస్టింగ్ టీమ్‌లోకి మారాలని నిజంగా ఉంటే మారు, అది చిన్న పనేమీ కాదు. ఆ పని ఇష్టమై మారు. మూడో మాటకు భయపడి మాత్రం వద్దు.

ఉగాదికి వస్తున్నావు కదా. ఆ పేమెంట్ స్క్రీన్ మళ్లీ చేసి ఫోన్‌లో పెట్టుకుని రా, ఫెయిలైన మెసేజ్‌తో సహా. జేజి చేతికిచ్చి, అరుగు మీద ఎండలో కూర్చోబెట్టి చూద్దాం. మొన్ననే కంటి ఆపరేషన్ అయింది, కొత్త అద్దాలు వచ్చాయి. నువ్వు పక్కనే కూర్చో, కానీ నోరు మెదపకూడదు, వేలు చూపించకూడదు. జేజి “నాకు రాదు లేమ్మీ” అని ఫోన్ తిరిగి ఇచ్చేస్తే, ఏ బటన్ దగ్గర ఇచ్చేసిందో రాసుకో. నోట్‌బుక్ నేను కొని పెడతా.

మీ అత్త