మగది లేకపోయినా మీ ఊసరవెల్లి గుడ్లు పెడుతుంది, ఇసుక తొట్టి ముందే పెట్టండి

అమెరికాకు కొత్తగా వచ్చిన మన కుటుంబాల్లో పిల్లలు కుక్క కావాలని గొడవ చేస్తే, అపార్ట్‌మెంట్ వాళ్ళు అడిగే డిపాజిట్, నెలనెలా పెట్ రెంట్ లెక్కేసుకుని వెనకాడి, చివరికి పెట్ షాపు నుంచి ఒక ఊసరవెల్లి పిల్లను ఇంటికి తెచ్చుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. అరవదు, బొచ్చు రాలదు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కొన్ని నెలలు గడిచాక నాకు ఫోన్ వస్తుంది: "అక్కా, మేత మానేసింది, ఎప్పుడూ కొమ్మ మీద ఉండేది రోజంతా కిందే తిరుగుతోంది, అద్దం గీకుతోంది, జబ్బేమో!" జబ్బు కాదు. అది కడుపుతో ఉంది, గుడ్లు పెట్టడానికి మట్టి వెతుక్కుంటోంది. ఆ మట్టి దొరక్కపోతే మాత్రం నిజంగానే ప్రాణం మీదికొస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

"మగది లేదు కదా, గుడ్లెలా?" అని అందరూ అడుగుతారు. ఇక్కడి షాపుల్లో ఎక్కువగా దొరికేది వీల్డ్ కమీలియన్, యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాల జీవి. ఈ జాతి ఆడది ఈడుకొచ్చాక, అంటే నాలుగు నుంచి ఆరు నెలల వయసు దాటాక, మగదాన్ని ఒక్కసారి కూడా చూడకపోయినా గుడ్లు పెట్టగలదు. వాటిలోంచి పిల్లలు రావు, అయినా కడుపులో పెరుగుతాయి, బయటికి రావాల్సిందే. ఒక్కో విడతలో 20 నుంచి 70 దాకా ఉంటాయి. మీది ఆడదో మగదో తెలియకపోతే వెనక పాదాల మడమ చూడండి. మడమ వెనక చిన్న ముల్లులాంటి బొడిపె ఉంటే మగది, పుట్టినప్పటి నుంచే ఉంటుంది. నున్నగా ఉంటే ఆడది. మడగాస్కర్ నుంచి వచ్చే పాంథర్ జాతికీ గుడ్ల తొట్టి అవసరమే. మూడు కొమ్ముల జాక్సన్స్ రకం అయితే గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, దానికి ఈ ఏర్పాటు అక్కర్లేదు.

తొట్టి విషయానికొద్దాం. ఆడదానికి నాలుగైదు నెలలు రాగానే అది బోనులో శాశ్వతంగా ఉండాలి, లక్షణాలు కనిపించాక పరిగెత్తుకెళ్ళి తేవడం కాదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతుకు తగ్గని ప్లాస్టిక్ డబ్బా చాలు, పక్కలు కనిపించని రంగుదైతే మేలు. హార్డ్‌వేర్ స్టోర్లో పిల్లలు ఆడుకునే ప్లే సాండ్ బస్తా చవగ్గా దొరుకుతుంది, అది తెచ్చి నీళ్ళు తేటపడేదాకా కడగండి. ఒట్టి ఇసుకైనా సరే, ఎరువు కలపని టాప్‌సాయిల్ కలిపినా సరే. పూలకుండీల మిశ్రమం వద్దు, అందులో తెల్లటి పెర్లైట్ గింజలు ఉంటాయి, ఎరువూ ఉంటుంది. కాల్షియం సాండ్ అని రంగురంగుల ప్యాకెట్లు అమ్ముతారు, అవీ వద్దు. ఇసుక కనీసం ఎనిమిది అంగుళాల లోతు పోయండి, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది.

తడి ఎంతుండాలన్నదే అసలు కిటుకు. పిడికిట్లోకి తీసుకుని నొక్కితే సున్నుండలా ముద్ద కట్టాలి, చుక్క నీరు కారకూడదు. తర్వాత వేలితో అడుగుదాకా ఒక బొక్క పొడిచి చూడండి. గోడలు కూలకుండా నిలబడితే సరిపోయినట్టు. పొడిగా ఉంటే సొరంగం దాని మీదే కూలుతుంది, బురదైతే అసలు దిగదు. పైనుంచి మిస్టింగ్ నీళ్ళు నేరుగా పడి తొట్టి మడుగైపోకుండా దాన్ని ఒక పక్కకు పెట్టి, అడుగున చిన్న రంధ్రాలు వేయండి. ఎక్కి దిగడానికి ఒక కొమ్మ ఆనించండి.

ఇక మన ఇళ్ళల్లో అన్నిటికన్నా కష్టమైన పని, దాన్ని చూడకుండా ఉండటం. తవ్వేటప్పుడు మనిషి కంటపడితే ఊసరవెల్లి పని ఆపేస్తుంది. శత్రువు చూశాడు, ఇక్కడ గుడ్లు పెడితే బతకవు అన్నది దాని లెక్క. అలా ఆపేసి గుడ్లు బిగబట్టుకుంటే, అవి లోపలే ఇరుక్కుపోయే ఎగ్ బైండింగ్ అనే ప్రమాదానికి దారి తీస్తుంది. పిల్లలు గుంపుగా చేరి ఫోన్‌లో వీడియో తీస్తామంటారు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు "ఏంటిది, ఇంకా బయటికి రాలేదు" అని అస్తమానూ తొంగిచూస్తారు. బోను కింది సగానికి ఒక దుప్పటి కట్టేసి, ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకూడదని గట్టిగా చెప్పండి. పోపు పొగ, సాంబ్రాణి, అగరొత్తుల పొగ తగలని గదైతే మరీ మంచిది. కొందరు బోను పక్కన పాత ఫోన్ కెమెరా పెట్టి దూరం నుంచి చూస్తారు, అది తప్పు లేదు. రెండు మూడు చోట్ల గుంట తవ్వి వదిలేయవచ్చు, రాత్రంతా సొరంగంలోనే ఉండిపోవచ్చు, కంగారుపడి బయటికి లాగకండి. లైట్లు మామూలు వేళకే వేసి మామూలు వేళకే ఆపండి. పని ముగిశాక వెనక కాళ్ళతో ఇసుక కప్పి, చదును చేసి, ముక్కు మీదా గోళ్ళ సందుల్లోనూ ఇసుక అంటుకుని, డొక్కలు లోపలికి పోయి, నీరసంగా పైకొస్తుంది. అప్పుడు ఆకుల మీద ధారగా నీళ్ళు పడేలా చేస్తే చాలాసేపు ఆగకుండా తాగుతుంది. ఇవి గిన్నెలో నిలవున్న నీళ్ళు తాగే జీవులు కావు, ఆకుల మీద కదిలే చుక్కలే తాగుతాయి.

గుడ్లు తక్కువగా ఉండాలంటే మేత, వేడి రెండూ మీ చేతుల్లో ఉన్నాయి. మన పెంపకంలో ప్రేమంటే కడుపునిండా పెట్టడమే, ఇక్కడ మాత్రం అది హాని చేస్తుంది. ఎదిగిన ఆడదానికి రోజు విడిచి రోజు నాలుగైదు పురుగులు చాలు, వెచ్చటి కొమ్మ దగ్గర 80 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 27 సెల్సియస్ చాలు. అతిగా తిని అతి వేడిలో ఉన్నది ఎక్కువ గుడ్లు పెట్టి త్వరగా చిక్కిపోతుంది. కాల్షియం విషయంలో మాత్రం తగ్గించకండి. గుడ్డు పెంకుకూ, గుడ్డును బయటికి నెట్టే కండరానికీ అదే ఆధారం. ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి పురుగుల మీద చల్లండి, విటమిన్ డి3 కలిసినది నెలకు రెండుసార్లు సరిపోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలనిచ్చే యూవీబీ ట్యూబ్ లైట్ పొడవైనదే కావాలి, చుట్ట బల్బు చాలదు. దానికి మేతగా వేసే కీచురాళ్ళకు ఆవాకు, క్యారెట్, దొరికితే మునగాకు వేయండి. ఇంట్లో ఉన్నాయి కదా అని గోంగూర, పాలకూర వేయకండి, వాటిలోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది.

ఇప్పుడు ప్రమాదం ఎప్పుడో చెప్తాను. తవ్వడం మొదలుపెట్టి రెండు రోజులు దాటినా గుడ్లు రాకపోతే, పగటిపూట కళ్ళు మూసుకుని బోను అడుగున పడి ఉంటే, కళ్ళు లోపలికి పోతే, కొమ్మ పట్టుకునే బలం లేకపోతే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, వీకెండ్ దాకా ఆగకూడదు. పొట్ట నొక్కడం, నూనె రాయడం, వేడినీళ్ళలో ముంచడం వంటి ఇంటి వైద్యాలు చేయకండి, లోపల గుడ్డు పగిలితే ఇన్ఫెక్షన్ అవుతుంది. డాక్టర్ ఎక్స్‌రే తీసి, నీళ్ళు, కాల్షియం ఎక్కించి, అవసరమైతే ఆపరేషన్ చేస్తారు.

ఇక్కడ చిక్కేమిటంటే, కుక్కలు, పిల్లుల ఆసుపత్రులు చాలావరకు సరీసృపాలను చూడవు, రాత్రిపూట ఎమర్జెన్సీ క్లినిక్‌లు కూడా చాలాచోట్ల చూడవు. అందుకే ఊసరవెల్లిని తెచ్చిన వారంలోనే వైద్యుణ్ణి వెతికి పెట్టుకోండి. సరీసృపాలు, ఉభయచరాల వైద్యుల సంఘం ఏఆర్ఏవీ వెబ్‌సైట్‌లో మీ దగ్గరి డాక్టర్లను వెతుక్కోవచ్చు. ఫోన్‌లో మొహమాటపడకుండా మొదటి మాటలోనే "ఫీమేల్ వీల్డ్ కమీలియన్, ఎగ్ బౌండ్ అనుమానం, ఈ రోజే చూడగలరా, ఎక్స్‌రేతో కలిపి సుమారు ఎంతవుతుంది" అని అడిగేయండి. ఖర్చు వందల డాలర్లలో ఉంటుంది, ఆపరేషన్ అయితే ఇంకా పైకి పోతుంది, ఆ డబ్బు విడిగా పెట్టుకోలేని పరిస్థితి ఉంటే ఆడదాన్ని తెచ్చుకోకపోవడమే దానికి మేలు.

గుడ్లు పెట్టాక వాటిని తీసేయండి. పెద్దయ్యాక కొన్న ఆడదైతే, ఎప్పుడో మగదానితో కలిసి ఉంటే, తర్వాతి విడత గుడ్లకు కూడా ప్రాణం ఉండొచ్చు, మగదాని వీర్యకణాలను అది నెలల తరబడి దాచుకోగలదు. పెంచే ఉద్దేశం లేకపోతే గుడ్లను ఫ్రీజ్ చేసి చెత్తలో వేయండి, బయట పెరట్లో వదలకండి. ఫ్లోరిడాలో జనం వదిలేసిన, తప్పించుకుపోయిన ఊసరవెల్లులే అడవిజాతిగా స్థిరపడిపోయాయి. తొట్టి ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలి, వీటి వల్ల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా జబ్బు రావచ్చు, అయిదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం, ఆ గిన్నెలు వంటింటి సింకులో కడగకండి.

ఇంకొకటి, డిసెంబర్‌లో ఇండియా టికెట్లు బుక్ చేసేముందు దాని పొట్ట చూడండి. కడుపుతో ఉన్నదాన్ని మొక్కలకు నీళ్ళు పోసే పక్కింటివాళ్ళకు అప్పగించి వెళ్ళకూడదు, తెలిసిన రెప్టైల్ సిట్టర్‌కి డాక్టర్ నంబర్, ముందుగా కట్టిన కొంత డబ్బు ఇచ్చి వెళ్ళండి. వెంట తీసుకెళ్దామనుకుంటే అదీ కుదరదు, ఈ జాతులు అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద ఉన్నాయి, పర్మిట్లు లేకుండా సరిహద్దు దాటించడం నేరం. మన ఊళ్ళల్లో కనిపించే ఊసరవెల్లి కూడా 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవి, దాన్ని పట్టుకొచ్చి ఇంట్లో పెంచడానికి వీల్లేదని అక్కడున్న మన పిల్లలకూ చెప్పండి.