మాత్రలు మింగితే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. మాది గుంటూరు దగ్గర పల్లె. పుట్టింటివాళ్ళం లూథరన్లం, అత్తగారిది పెంతెకొస్తు సంఘం. మా మరిదికి 22. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని, అన్నంలో ఏదో కలుపుతున్నారని నిరుడు అనడం మొదలుపెట్టాడు. డాక్టరు స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు అన్నారు. మాత్రలు వాడితే నాలుగు నెలల్లో కుదుటపడ్డాడు. అంతలో అత్తయ్య విడుదల కూడికకు, అంటే దయ్యాలు వదిలించే ప్రార్థన సభకు తీసుకెళ్ళారు. పాస్టర్‌గారు క్రీస్తు పేరిట అధికారం తీసుకుని దయ్యాన్ని గద్దించగానే మరిది కిందపడిపోయాడు. విడుదల వచ్చిందని అక్కడే సాక్ష్యం చెప్పించి యూట్యూబ్‌లో పెట్టారు. ఆ రోజే మాత్రలు ఆపేశారు. ఆరు వారాలకు అంతా మళ్ళీ మొదలైంది. వెళ్ళిన దయ్యం ఇంకో ఏడింటిని వెంటబెట్టుకొచ్చిందట, ఇంట్లో ఎవరో దానికి తలుపు తెరిచారట. స్నేహితురాలి పెళ్ళిలో నేను ప్రసాదం తిన్నాను కాబట్టి అందరి చూపూ నా మీదే. ఇప్పుడు మరిది చేత 21 రోజులు ఉపవాసం చేయిస్తామంటున్నారు. డాక్టరు రాసిన చీటీ అత్తయ్య తన బైబిల్లో పెట్టుకుని, దాని మీద చెయ్యేసి ప్రార్థిస్తున్నారు. మావారు నోరు విప్పరు. టీలో మాత్ర కలిపి ఇచ్చేయనా? అలా చేస్తే క్రీస్తు అధికారాన్ని కాదన్నట్టేనా?

జవాబు: అమ్మా, ముందు ఉపవాసం సంగతి. అది జరగనివ్వకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు. నిద్ర, తిండి, నీళ్ళు తగ్గితే అతని జబ్బు ఇంకా ముదురుతుంది. అసలే అన్నంలో ఏదో కలుపుతున్నారని అనుమానపడే మనిషి, ఒకసారి తిండి మానేస్తే మళ్ళీ తినిపించడం మీ తరం కాకపోవచ్చు. 1976లో జర్మనీలో అనేలీస్ మిషెల్ అనే 23 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. మూర్ఛకు, మానసిక బాధకు ఏళ్ళ తరబడి మందులు వాడిన పిల్ల. దయ్యం వదిలించడానికి పది నెలల్లో 67 సార్లు ప్రార్థనలు జరిపారు. ఆ అమ్మాయి తిండి మానేసి చిక్కి శల్యమైంది. తల్లిదండ్రులకూ ఇద్దరు ఫాదర్లకూ 1978లో కోర్టు శిక్ష వేసింది. ఆ తల్లిదండ్రులకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు. మీ అత్తయ్యకూ అంతే, చిన్నకొడుకంటే ప్రాణం. అందుకే నాకు భయం.

ఉపవాసానికి వాక్యం చూపిస్తారు, మార్కు 9వ అధ్యాయం. శిష్యుల వల్ల కాని పిల్లవాడిని యేసు బాగుచేశాక, ఇలాంటిది ప్రార్థన వల్లే వదులుతుందంటాడు. కొన్ని ప్రతుల్లో ఉపవాసం మాట కూడా ఉంది. ఉన్నా అది శిష్యులకు చెప్పిన మాట. ఆ పిల్లవాడిని పస్తుండమని ఎవరూ అనలేదు. ఉండదలిస్తే అత్తయ్య ఉండనివ్వండి, షుగరు, బీపీ లేకపోతే. అదే అధ్యాయంలో ఇంకొకటి చూడండి. గద్దించే ముందు యేసు ఆ పిల్లవాడి తండ్రిని ఒక ప్రశ్న అడుగుతాడు: ఇది ఎంతకాలం నుంచి ఉంది? చిన్నప్పటి నుంచీ అంటాడు తండ్రి. డాక్టరు గదిలోకి వెళ్తే మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే. మీ మరిదిని ఆ కూడికలో ఎవరైనా అడిగారా?

నేనూ చర్చికి వెళ్ళే మనిషినే. దయ్యాల మీద అధికారం అన్నది బైబిల్లో లేదని చెప్పి మిమ్మల్ని ఓదార్చను. ఉంది. కానీ లూకా 10లో డెబ్బైమంది శిష్యులు దయ్యాలు మాకు లోబడుతున్నాయని సంబరంగా తిరిగొస్తే, అందుకు సంతోషించకండి అన్నాడు ప్రభువు. ఆ సంబరాన్ని ఆయనే పక్కన పెట్టమన్నాడు. ఇప్పుడు దాన్నే మైకు పెట్టి, కెమెరా పెట్టి చూపిస్తున్నారు. గెరాసేనుల దేశంలో దయ్యాలు పట్టి సమాధుల మధ్య తిరిగినవాడు బాగయ్యాడని జనానికి ఎలా తెలిసింది? కిందపడినందుకు కాదు. బట్టలు కట్టుకుని, స్వస్థచిత్తుడై కూర్చుని ఉండటం చూసి. అంతేకాదు, వెంట వస్తానంటే యేసు అతన్ని ఇంటికి, తనవాళ్ళ దగ్గరికి పంపేశాడు. కూడికలో పడిపోయిన కుర్రాడు ఆరు వారాల తర్వాత ఎలా ఉన్నాడన్నదే లెక్క.

ఆ ఆరు వారాల గురించే ఇంట్లో అందరూ పొరబడుతున్నారు. ఈ జబ్బులో మాత్రలు ఆపిన మర్నాడే లక్షణాలు తిరిగి రావాలని లేదు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మనిషి బాగానే ఉన్నాడు కదా అనిపించే కాలం అది. ఆ కాలాన్ని ప్రార్థన ఖాతాలో వేశారు. తర్వాత వచ్చిన తిరగబెట్టడాన్ని మీ ఖాతాలో వేస్తున్నారు. నిజానికి రెండూ మాత్రల లెక్కలోకే వస్తాయి.

ప్రసాదం సంగతి. మీరేదో తలుపు తెరిచారన్న మాటను మనసులోంచి తీసేయండి. పుట్టుగుడ్డివాడిని చూపించి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే వీడూ కాదు, వాళ్ళూ కాదు అన్నాడు యేసు. ఏడు దయ్యాల మాట కూడా ఆయన ఆ తరం మొత్తాన్ని ఉద్దేశించి అన్నది, ఇంట్లో దోషిని పట్టుకోవడానికి ఇచ్చిన కొలబద్ద కాదు. ప్రసాదం విషయంలో అత్తయ్య మనసు నొచ్చుకుంటే ఇకపై జాగ్రత్తగా ఉంటానని ఒకసారి చెప్పండి, చాలు. జబ్బుకు కారణం నేనేనని మాత్రం ఒప్పుకోవద్దు, ఇంట్లో గొడవ ఆగుతుందనిపించినా సరే. ఒకసారి ఒప్పుకుంటే తర్వాత దయ్యం వదిలిస్తామని మీ మీద కూడా చేతులుంచడానికి వస్తారు.

టీలో కలపడం వద్దమ్మా. మీరెందుకు అడిగారో తెలుసు, ఇంకో దారి కనబడక. కానీ అతని అనుమానమే అది కదా. ఒక్కరోజు కప్పు అడుగున తెల్లటి పొడి కనబడితే అతని భయం నిజమైపోతుంది, మీ చేతి అన్నం మళ్ళీ ముట్టడు. పైగా ఇన్నాళ్ళు ఆపిన మందును పాత మోతాదులో మనంతట మనమే మొదలుపెట్టడం కూడా మంచిది కాదు, అది డాక్టరు చూసి చెప్పాలి. మాత్ర మింగనని మొండికేస్తే ఆ మాట డాక్టరుకే చెప్పండి. కొన్ని వారాలకోసారి ఇంజెక్షన్‌గా ఇచ్చే మందులూ ఉన్నాయి.

ఇక విశ్వాసం సంగతి. మత్తయి 4:24లో దయ్యం పట్టినవాళ్ళు వేరు, చాంద్రరోగులు (మూర్ఛ వచ్చేవాళ్ళు) వేరు, పక్షవాయువు వాళ్ళు వేరు. రాసినాయన అందరినీ ఒకే గాటన కట్టలేదు. లూకా వైద్యుడని పౌలే రాశాడు. కేథలిక్కుల్లో బిషప్ ప్రత్యేకంగా అనుమతి ఇవ్వందే ఏ ఫాదరూ దయ్యం వదిలించే క్రతువు చేయకూడదు, ముందు అది జబ్బు కాదని తేల్చుకోవాలి. మీ లూథరన్ సంఘం తరఫునే 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చారు, 1898లో ఆసుపత్రి తెరిచారు. ప్రార్థన చేసే చేతులతోనే మందూ ఇచ్చారు. (ఈ మాట అత్తయ్యతో అనకండి. మీ లూథరన్లు, మా పెంతెకొస్తు అంటూ కొత్త గొడవ లేస్తుంది.)

అసలు అత్తయ్యతో వాక్యాల వాదనే వద్దు, కోడలు గెలిచే వాదన కాదది. మాట్లాడాల్సింది మీవారు. తమ్ముడు ఆయనకు. ఈ ఉత్తరం ఆయనకు చూపించండి. అయ్యా, మీరు నోరు విప్పకపోవడం వల్ల నింద మీ భార్య మీద పడుతోంది, తమ్ముడికి రోజులు పోతున్నాయి. అమ్మతో ఒక్కటే అనండి: "ప్రార్థన నువ్వు చెయ్యి, ఆసుపత్రికి నేను తీసుకెళ్తా." తర్వాత ఇద్దరూ కలిసి, సంఘంలో ఎవరూ లేని సమయం చూసి పాస్టర్‌గారి దగ్గరికి వెళ్ళండి. మాత్రలు వేసుకోమని మీ నోటితో మా అమ్మకు చెప్పండయ్యగారూ అని అడగండి. చాలామంది చెప్తారు, నేను చూశాను. చెప్పనంటే, ఆపమన్నది మీరేనని కాగితం మీద రాసిస్తారా అని మర్యాదగానే అడగండి. ఆ వీడియో కూడా తీసేయమనండి. రేపు ఆ కుర్రాడికి ఉద్యోగం రావాలి, పెళ్ళి కావాలి.

కొట్టడం, కట్టేయడం లాంటివి మొదలైతే మొహమాటపడొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మానసిక రోగిని గొలుసులతో కట్టడం నిషేధం. చచ్చిపొమ్మనో, ఎవరినైనా కొట్టమనో గొంతులు చెబుతున్నాయని అతనంటే, తిండీ నిద్రా పూర్తిగా మానేస్తే, ఆ రోజే 108 పిలిచి గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అంతవరకు ఏ సందేహం వచ్చినా మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కు చేయండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు.

ఇన్ని రాశారు గానీ, మరిది ఏమంటున్నాడో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. తనలో దయ్యం ఉందని అందరూ అంటుంటే రాత్రిళ్ళు ఆ కుర్రాడు ఏమనుకుంటూ పడుకుంటున్నాడో. గొంతులు వినబడుతున్నాయంటే లేవని వాదించకండి, దయ్యమేనని కూడా అనకండి. "నాకు వినబడటం లేదయ్యా, నీకు భయంగా ఉందని మాత్రం తెలుస్తోంది" అనండి. తనకు ప్రార్థన కావాలంటే పక్కన కూర్చుని మెల్లగా చేయండి, తల నొక్కకుండా.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏ మందు, ఎంత మోతాదు, ఏ తారీకున ఆపారన్నది కావాలి. ఆ చీటీ అత్తయ్య బైబిల్లో ఉందన్నారు కదా. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్లో ఫోటో తీసుకుని, మళ్ళీ అదే పేజీలో పెట్టేయండి.