పౌండ్‌లో పెట్టిన గేదెలు

చిరంజీవి సౌమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

కోర్టు కాగితాల అనువాదం మొదలుపెట్టానని రాశావు, సంతోషం. నమూనాగా పంపిన పేజీల్లో ‘గేదెలను పౌండ్‌లో పెట్టారు’ అని ఇంగ్లిషు మాటను అలాగే ఉంచేశావు. డబ్బుకూ గేదెలకూ సంబంధం ఏమిటో తేలక వదిలేసి ఉంటావు. సంబంధం లేదమ్మా, వెతకకు.

మంచి నిఘంటువు తెరిస్తే పౌండ్ పక్కన 1, 2, 3 అంటూ విడివిడి పద్దులు కనిపిస్తాయి. విడిగా ఇచ్చారంటే వాటి పుట్టుకే వేరని. బరువూ డబ్బూ చెప్పే పౌండ్ లాటిన్ నుంచి వచ్చింది. దంచడం అనే పౌండ్ పాత ఇంగ్లిషు క్రియ. పశువులను కట్టడి చేసే చోటు మూడోది. కుంటను చెప్పే ‘పాండ్’ దీని తోబుట్టువే.

ఈ మూడోదానికి మన ఊళ్లలో చక్కని మాట ఉంది, బందెలదొడ్డి. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ఒకసారి చదువు. పంట మేసిన పశువును పట్టుకున్న రైతు 24 గంటల్లోగా దొడ్డికి పంపాలి, మేత, నీళ్లు దొడ్డి కాపరి చూడాలి, యజమాని జరిమానా, ఖర్చులు కట్టి విడిపించుకోవాలి. విదేశీ వార్తలో కారును పౌండ్‌కు తీసుకెళ్లారని వస్తే మాత్రం బందెలదొడ్డి అనకు, నవ్వుతారు. పట్టుకున్న వాహనాలు ఉంచే ఆవరణ అంటే చాలు.

అసలు చిక్కు ‘ఇంపౌండ్’ దగ్గర. దొడ్డిలో పుట్టిన ఈ క్రియ కాగితాల మీదికి పాకింది. 1899 స్టాంపు చట్టం కింద తగిన స్టాంపు లేని దస్తావేజును, 1967 చట్టం కింద పాస్‌పోర్టును ఇంపౌండ్ చేస్తారు. అందరూ ‘స్వాధీనం’ అని రాసి ముందుకు పోతారు. నాకు నచ్చదు. సీజ్ వేరు, ఇంపౌండ్ వేరని 2008లో సుప్రీంకోర్టు ఒక పాస్‌పోర్టు కేసులో తేల్చింది. సీజ్ అంటే పట్టుకోవడం, ఆ క్షణంలో జరిగిపోయేది. పట్టుకున్నదాన్ని తిరిగి ఇవ్వకుండా ఉంచుకుంటే అది ఇంపౌండ్. మొదటిది పోలీసులు చేయగలరు, పాస్‌పోర్టు విషయంలో రెండోది పాస్‌పోర్టు అధికారి పని. రెండింటికీ ఒకే తెలుగు మాట వేస్తే ఆ తీర్పుకు అర్థమే ఉండదు. సీజ్‌ను ‘స్వాధీనం చేసుకోవడం’ అను, ఇంపౌండ్‌ను ‘అట్టిపెట్టుకోవడం’ అను.

ఇక మొదటి పౌండ్. బరువైతే అంకె తర్వాత ఎల్‌బీ అని ఉంటుంది, సుమారు 454 గ్రాములు. డబ్బైతే గుర్తు అంకెకు ముందు వస్తుంది. 1971 ఫిబ్రవరికి ముందు పౌండుకు 240 పెన్నీలు, కాబట్టి పాత లెక్కల్లో కూడిక తేడాగా కనిపించినా మూలాన్ని దిద్దకు. నగల లెక్కలోని ‘పౌను’ కూడా ఈ కుటుంబానిదే కానీ ఆ బరువు కాదు. అది ఒక పౌండు విలువ గల సావరిన్ నాణెం తూకం, ఇంచుమించు 8 గ్రాములు. ఈస్టిండియా కంపెనీ యుద్ధాల రాతల్లో ‘18 పౌండర్’ అంటే దంచే సాధనం అనుకునేవు, 18 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగి అది!

పౌండ్ క్రియగా వస్తే పక్కన ఏముందో చూడు. గుండె దడదడలాడుతుంది, తలుపు దబదబా బాదుతారు, పసుపు కొమ్ములు దంచుతారు. ఇన్ని ఉండగా అన్నిచోట్లా ‘కొట్టారు’ అని రాయడం బద్ధకం.

దిద్దిన పేజీలు పంపు. ఈసారి ఇంగ్లిషు నకలు కూడా జతచేయి. తెలుగు ఒక్కటే చూసి నేనేమీ చెప్పలేను.

పెదనాన్న