ప్రీమియం తేలేదాకా నాన్నగారి బయాప్సీ ఆపకండి

మీరు అడిగినది క్లుప్తంగా: నాన్నగారికి 64 ఏళ్లు, పలమనేరు దగ్గర ఉంటారు. నోట్లో పుండు వారాల తరబడి మానకపోతే చిత్తూరు డాక్టరు బయాప్సీ (చిన్న ముక్క తీసి క్యాన్సరేమో చూసే పరీక్ష) చేయించమన్నారు. ఆరోగ్య బీమా రెన్యువల్ దగ్గర పడింది, ప్రీమియం మూడో వంతు పెరిగింది. కట్టాలా, ఆరోగ్యశ్రీని నమ్ముకోవాలా, అది తేలేదాకా బయాప్సీ ఆపాలా?

ఆపకండి. ఈ వారమే చేయించండి. రెన్యువల్‌కు ముందే క్యాన్సర్ అని తేలితే పాలసీ పోతుందేమోనని మా అమ్మకు రొమ్ములో గడ్డ కనిపించినప్పుడు మా ఇంట్లోనూ భయపడ్డారు. ఆ భయానికి ఆధారం లేదు. నడుస్తున్న పాలసీని జబ్బు వచ్చిందనో, క్లెయిమ్ చేశారనో కంపెనీ రెన్యూ చేయకుండా ఆపలేదు. మీ ఒక్కరి క్లెయిమ్ చూపి ప్రీమియం పెంచకూడదు కూడా. నోటి క్యాన్సర్ తొలిదశలో దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది. ముదిరితే రేడియేషన్, కీమో తోడవుతాయి. మనిషికి నరకం, ఇంటికి అప్పు.

ప్రీమియం బరువేనని నాకు తెలుసు. అయినా ఈ ఏడాది ఎలాగోలా కట్టండి. గడువు దాటినా 30 రోజులు వెసులుబాటు ఉందని చాలామంది ధీమాగా ఉంటారు. ఏడాదికి ఒకేసారి కట్టే పాలసీల్లో ఆ రోజుల్లో కడితే పాలసీ కొనసాగుతుంది గానీ, కట్టకముందు ఆసుపత్రిలో చేరితే ఆ క్లెయిమ్ రాదు. ఇక పాలసీ పూర్తిగా పోతే, క్యాన్సర్ ఉన్న మనిషికి కొత్తది ఇచ్చే కంపెనీ దొరకడం చాలా కష్టం. వేరే కంపెనీకి మారే ఆలోచనా ఇప్పుడు వద్దు.

కానీ అడగకుండా మాత్రం కట్టకండి. 60 దాటినవారి ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా తమను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో ఆదేశించింది. పెరుగుదల వయసు శ్లాబు మారినందువల్లనా, రేట్లే పెంచారా అని మెయిల్‌లో అడగండి. సొంతంగా తీసుకున్న పాలసీలపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు, నోటీసులో అదీ చూడండి. వాయిదాల్లో కట్టే వీలుందేమో కనుక్కోండి.

ఆరోగ్యశ్రీ పేరు ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. దాన్ని చిన్నచూపు చూడకండి. మా పెదనాన్నగారి రేడియేషన్ అంతా ఆ పథకంలోనే జరిగింది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల చేయూతతో 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి స్విక్కార్ ఉంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా అడ్వాన్సు కట్టకముందే అక్కడ ఈ పథకం రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి, ఏ చికిత్స పథకంలోకి వస్తుంది, ఏ మందు రాదు అని అడగండి. మన జిల్లావాళ్లకు కాళ్లు రాయవేలూరు సీఎంసీ వైపే లాగుతాయి. మంచి ఆసుపత్రే, కానీ అది తమిళనాడు. మీ కార్డు, మీ పాలసీ అక్కడ చెల్లుతాయో లేదో ఫోనులో కనుక్కున్నాకే బయలుదేరండి.

బీమా ఉన్నా డబ్బు ఎలా జారిపోతుందో చెబుతాను. అమ్మకు చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. పాలసీలో రోజుకు గది అద్దె బీమా మొత్తంలో ఒక శాతమే. ఆ అద్దెకు గది ఖాళీ లేదని ఆసుపత్రివాళ్లు పై తరగతి గది ఇచ్చారు. బిల్లు వచ్చేసరికి ఆ తేడా ఒక్కటే కాదు, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోశారు. అంతవరకు పాలసీ షరతే. కానీ మందులు, స్కానుల మీదా కోత పెట్టారు. గది అద్దె పేరుతో మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లపై అలా కోయకూడదన్నది ఐఆర్‌డీఏఐ నిబంధన. అదే రాసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపితే ఆ భాగం తిరిగి వచ్చింది. వాళ్లు 30 రోజుల్లో తేల్చకపోతే బీమా ఫిర్యాదులు విచారించే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కాబట్టి పాలసీలో గది అద్దె పరిమితి, సహ చెల్లింపు (బిల్లులో మీరే కట్టుకోవాల్సిన వాటా) శాతం ఈ రోజే చదవండి. ఏజెంటు మాట సరిపోదు.

రేడియేషన్ అవసరమైతే వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి సాగుతుంది. తిరుపతిలో అద్దె గది, భోజనం, పక్కన ఉండేవారి కూలి నష్టం సాధారణంగా పాలసీల్లో రావు. మా పెదనాన్న ఊరివాళ్లలో ఒకరు చికిత్స ఉచితమే అయినా ఈ ఖర్చుకే మధ్యలో మానేశారు. ఆ డబ్బు వేరుగా తీసి పెట్టుకోండి. చెన్నై వెళ్లాల్సి వస్తే క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లేవారికి రైలు టికెట్‌లో రాయితీ ఉంది. ఆ ఫారం మీద ఆసుపత్రి డాక్టరు సంతకం ముందే తీసుకోండి.