అనపకాయలు అడిగితే ఆనపకాయలు రాసింది

"స్మార్ట్‌ఫోన్లు వచ్చాక పల్లెల్లో ఆడవాళ్ళకి చదవడం, రాయడం పెరిగిందా, తగ్గిందా?" అని కదా మీ ప్రశ్న. పెరిగింది. నేను కళ్ళారా చూసినా. అట్లా పెరిగినదాన్ని ఇంట్లో చదువుకున్న మగపిల్లకాయలే మళ్ళీ తుంచేస్తున్నారు, నా గొడవంతా అదే.

నేను తిరుపతిలో డీటీపీ ఆపరేటర్ని. శుభలేఖలు, కర్మక్రియల కార్డులు, మహిళా యూనివర్సిటీ అమ్మాయిల థీసిస్‌లు, ఏదొస్తే అది కొడతా. మా అమ్మది పాకాల దగ్గర పల్లె. బడి ముఖం చూడలేదు. 90ల మొదట్లో మా చిత్తూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచినప్పుడు, పగలంతా చెనక్కాయ చేలో కలుపు తీసి, రాత్రి గుడి అరుగు మీద లాంతరు ముందర పలక పట్టింది. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పద్ధతి యూనికోడ్; 1991లో దాని మొదటి కూర్పు వచ్చినప్పుడే అందులో తెలుగు ఉంది. అంటే అమ్మ తెలుగు, కంప్యూటరు తెలుగు ఇంచుమించు ఒకే ఈడువి. మా డీటీపీ షాపులే ఇంకా యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లను పట్టుకొని వేలాడుతున్నాయి. అందులో కొట్టింది తీసి వాట్సాప్‌లో వేస్తే వచ్చేది పిచ్చిగీతలు. ఆ ఏడుపు ఎవరన్నా విడిగా అడిగితే విడిగా ఏడుస్తా.

నేర్చుకున్న అక్షరాలు అమ్మకి చాలా ఏళ్ళు పొదుపు సంఘం పుస్తకంలో సంతకానికే పనికొచ్చినాయి. అన్న తన పాత ఫోను ఇచ్చినాక, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాస్తాదని నేను చూపించినా.

పోయిన ధనుర్మాసంలో మా షాపులో కూర్చొని చిత్తూరులో ఉండే అన్నకి చెప్తావుంది: "పైటాలకు వస్తా. అనపకాయలు తెస్తా, పితికిపప్పు చేసుకుందాం." ఫోను ఏం రాసింది? "పైట వేళకు వస్తా ఆనపకాయలు తెస్తా." పైటాల అంటే మాకు మధ్యాహ్నం, అనపకాయంటే చిక్కుడు జాతి కాయ. కోస్తా వాళ్ళకి ఆనపకాయంటే సొరకాయ. అమ్మ కళ్ళద్దాలు సర్దుకొని అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "నేనేడ సొరకాయ అంటిని పాపా? దీనికేమన్నా చెవుడా?" ఇంకో రెండుసార్లు అరిచి చెప్పింది. మళ్ళీ ఆనపకాయే. మన యాస దాని చెవికి ఎక్కదు.

"ఇట్ల కాదులే" అని మైకు వదిలేసి తెలుగు కీబోర్డు తెరవమనింది. నేను తెరిచి ఇచ్చి నా పనిలో పడినా. అ కొట్టింది, న కొట్టింది, ప కొట్టింది. క కొట్టి ఆగింది. "కా యాడుంది?" క పక్కన దీర్ఘం కొట్టమంటే కొట్టింది. క కాస్తా కా అయ్యేసరికి ముఖం వెలిగిపోయింది. "దీనికి గుణింతం వచ్చునే!" అనింది. నేను ఒక శుభలేఖ సగం కొట్టేలోపల మెసేజంతా తప్పు లేకుండా రాసి పంపించేసింది. రాత్రిబడిలో నేర్చిన గుణింతం ముప్పై ఏళ్ళకి ఫోన్లో మొలకెత్తింది.

రెండు నిమిషాల్లో అన్న జవాబొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అమ్మ కాసేపు తేరిపార చూసి ఫోను నా వైపు తిప్పింది. "ఏం రాసినాడు?"

వాడు రాసింది ఇదీ: "సరేమ్మా, పితికి తీసుకురా, ఇక్కడ వీళ్ళకి తీరదు." గింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కోటీ పితికి తోలు తీసే పని కూడా ఆమె నెత్తినే. సరే, అది వేరే పంచాయితీ. అంత కష్టపడి రాసిన మనిషిని వాడు ఒక్క వాక్యంతో మళ్ళీ చదువు రానిదాన్ని చేసేసినాడు చూడండి. మా ఇంటి గ్రూపులో అన్న, బావ, నా కొడుకు, అందరిదీ అదే రాత. మావాడు ఇంటర్ చదువుతున్నాడు, అవ్వ రాసింది చదవమంటే నీళ్ళు నములుతాడు. ఇద్దర్లో ఎవరికి చదువొచ్చినట్టు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడన్నా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు 21 శాతం, మగవాళ్ళు 48.8 శాతం. ఆ 21లో ఎంతమంది చేతిలో ఉన్నది నిజంగా వాళ్ళ ఫోనో! మా అమ్మ పొదుపు ఖాతాకి ముడేసిన నంబరు ఇప్పటికీ అన్నదే. ఓటీపీ వచ్చిందంటే, వాడు మీటింగులోంచి బయటికి వచ్చేదాకా అమ్మ బ్యాంకులో నిలబడాల్సిందే. నంబరు మార్పిద్దామంటే "మీ అన్న ఏమనుకుంటాడో" అంటుంది. నేను పోరు పెడతానే ఉన్నా.

మొన్న గ్రూపులో అన్న మళ్ళీ అదే రాతతో నాలుగు లైన్లు పెట్టినాడు. ఈసారి అమ్మ నన్ను అడగలేదు. కింద తనే రాసింది: "తెలుగులో రాయరా." దీర్ఘాలన్నీ సరిగ్గానే పడినాయి.