ఊరి చరిత్ర సంఘం మొదలుపెట్టాం, ఆర్నెల్లకే జనం తగ్గిపోయారు. ఎలా నిలబెట్టాలి?

మీటింగులు తగ్గించి, పని పెంచండి. ఉపన్యాసం వినడానికి జనం రెండుసార్లు వస్తారు, మూడోసారి రారు. చేతికి పని ఉంటే మాత్రం వస్తారు.

శాసనం ఉన్న రాయి దగ్గరికి పొద్దున్నే నలుగురిని తీసుకెళ్లండి. ఏటవాలు ఎండలో, మధ్యాహ్నం కనపడని అక్షరాలు కూడా తేలతాయి. ఒకరు ఫోటో తీస్తే, ఒకరు కొలతలు రాసుకోవాలి. రాయిని గీకడం, సుద్ద రుద్దడం మాత్రం వద్దు. అక్షరం ఒకసారి పోతే పోయినట్టే. తనంతట తానే 'శ్రీ' అనే అక్షరాన్ని గుర్తుపట్టిన కుర్రాడు మళ్లీ పిలవకపోయినా వస్తాడు.

హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి ఇలాగే నడిచింది. చరిత్ర పరిశోధకులు ఆదిరాజు వీరభద్రరావు గారి లాంటివాళ్లు శాసనాలు సేకరించారు, 1935లో అవి పుస్తకంగా వచ్చాయి. ఏడాదికి ఒక చిన్న పుస్తకమైనా వేయండి, సాయం చేసిన ప్రతి ఒక్కరి పేరూ అందులో ఉండాలి.

సంఘం రిజిస్ట్రేషన్‌కు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం 7 మంది చాలు. చందా తక్కువే పెట్టండి, లెక్క మాత్రం అందరికీ చూపించండి. కార్యదర్శి పదవి రెండేళ్లకోసారి మారాలి. అన్నీ ఒక్కరే మోస్తుంటే ఆ మనిషికి టెన్షన్, మిగతావాళ్లకు సంఘం పరాయిదైపోతుంది.