బొద్దక్షరాల బోర్డు గురించి

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ బేకరీ బోర్డు డిజైన్ వాట్సాప్‌లో చూశాను. పాతకాలపు లావు అక్షరం ఎంచుకున్నావు, మంచి పనే. చూడగానే కూపర్ బ్లాక్ అనే ఇంగ్లీషు ఫాంట్ అని గుర్తుపట్టాను. కానీ దాన్ని నువ్వు పెట్టిన అవస్థ చూస్తే, ప్రెస్సులో సీసపు అక్షరాలుండే టైపు కేసు ముందు ముప్పయ్యేళ్లు నిలబడ్డవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ అక్షరాన్ని గీసింది షికాగోలో ప్రకటనలకు అక్షరాలు రాసే ఆస్వాల్డ్ కూపర్. అచ్చు అక్షరాలు పోతపోసే బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే టైపు ఫౌండ్రీ 1922లో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. తెగ నడిచింది. చివరికి కూపర్‌కి అక్షరాలు నేర్పిన ఫ్రెడరిక్ గౌడీ కూడా 1925లో గౌడీ హెవీఫేస్ అని పోటీగా ఓ లావు అక్షరం గీయాల్సి వచ్చింది. గురువుగారి తిప్పలు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

ఒకసారి దాని కాళ్లు చూడు. సెరిఫ్ అక్షరాలకు మామూలుగా చివర్లో మొనలో పీటలో ఉంటాయి. దీనికి అన్నీ గుండ్రమే, అడుగు కూడా చదునుగా ఉండదు. 'O' లోపలి కన్నం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. అందుకే అంత లావున్నా బెదిరించదు. బేకరీకి బాగా నప్పుతుంది. లాయరు ఆఫీసుకైతే వద్దనేవాణ్ని.

నువ్వేమో బోర్డు వెడల్పు చాలలేదని పక్కల నుంచి నొక్కేశావు. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతల మందం మాత్రం అలాగే ఉంటుంది. ఇక ఆ బొద్దుతనం ఏముంది? సైజు తగ్గించు, లేదా పేరు రెండు వరుసల్లో పెట్టు. ఆ బంగారు అంచు, నీడ కూడా తీసెయ్. వాటివల్ల అక్షరాల లోపలి కన్నాలు పూడుకుపోతున్నాయి.

అక్షరాల మధ్య జాగా కంటితో సరిచూసుకో. మా రోజుల్లో 'A' పక్కన 'V' పడితే మధ్యలో గుంట కనిపించేది. పెద్ద సైజైతే ఆకురాయితో దిమ్మ పక్కలు అరగదీసి దగ్గరికి చేర్చేవాళ్లం. నీకు మౌస్ చాలు. డిజైన్‌ను తలకిందులు చేసి చూడు, మాట మీద ధ్యాస పోయి ఖాళీలే కంటికి ఆనతాయి.

లావు అక్షరం షాపు పేరు వరకే వాడు. కుర్రతనంలో ఓ కాలేజీ వార్షికోత్సవ కరపత్రం మొత్తం, వందన సమర్పణ దాకా, లావు టైపులోనే కట్టాను. సిరా ఆరక ఒక కాగితం ముఖం ఇంకోదాని వీపుకు అంటుకుంది. అన్నీ నా ఖర్చుతో మళ్లీ కొట్టాను. 'ఎగ్‌లెస్ కేకులు', ఫోన్ నంబరు సన్నగా, సాదాగా ఉండనీ.

తెలుగు పేరు మాత్రం సన్నగా పెట్టకు, ఇంగ్లీషు పక్కన అరువుకొచ్చినట్టుంది. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర అని లావుపాటి తెలుగు ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. అష్టదిగ్గజాల్లోని అయ్యలరాజు రామభద్రుడి పేరే అది. అయితే మన అక్షరం లావెక్కితే చిక్కొకటి ఉంది: 'ధ' కింది ఒత్తు పూడిపోయి 'ద' లాగా కనిపించొచ్చు. ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య జాగా కూడా ఎక్కువ వదలాలి. నీ డిజైన్‌లో 'బ్రెడ్' కింది రవత్తు ఫోన్ నంబరు మీద కూర్చుంది, చూసుకున్నావా?

ఫ్లెక్సుకు ఇచ్చేముందు కాగితం మీద ప్రింటు తీసి, గోడకు అంటించి, వీధి అవతల నుంచి చూడు. తర్వాత ప్రూఫు నాకు పంపు. కళ్లజోడు మార్పించాను, ఇప్పుడు బాగానే కనిపిస్తోంది.

మీ పెదనాన్న